ముసుగు చార్జీ

"గొప్ప కారు చెడిపోదు. అప్పుడప్పుడూ విశ్రాంతి తీసుకుంటుంది!"

మా నగరంలోని ఖరీదైన కార్ల యజమానుల సంఘానికి ఇది మొదటి నియమం. ఇత్తడి పలక మీద చెక్కించి సంఘం భవనం గుమ్మం పక్కనే బిగించారు. రెండో నియమం ఉందో లేదో నాకు తెలియదు. మొదటిదే ఇంత గొప్పగా ఉన్నాక ఇంకోటి ఎందుకు?

ఆ విశ్రాంతి తీసుకునే కార్లను మోసేవాణ్ణి నేను. నాకో రికవరీ వ్యాను ఉంది. దారిలో ఆగిపోయిన కారును గొలుసుతో వ్యాను మీదికి లాక్కుని షెడ్డుకు చేర్చడం నా వృత్తి. మామూలు కారు ఆగితే యజమాని దిగి, నలుగురూ వినేలా దాన్ని నాలుగు తిట్టి, నాకు ఫోన్ చేస్తాడు. గొప్ప కారు ఆగితే మాత్రం ఫోన్ గుసగుసగా వస్తుంది.

"కాస్త రాగలవా? కారు... విశ్రాంతి తీసుకుంటోంది."

"ఎక్కడ సార్?"

"నాలుగు రోడ్ల మధ్యలో."

"ముసుగుతోనా, ముసుగు లేకుండానా?"

"ఛ! అదేం ప్రశ్నయ్యా! ముసుగుతోనే!"

ఈ ముసుగు సంగతి చెప్పాలి. బూడిదరంగు మందపాటి గుడ్డతో కారు కొలతకు కుట్టించిన తొడుగు అది. కప్పి, తాళ్లు బిగించి తీసుకెళ్తుంటే, షోరూం నుంచి కొత్త కారు వస్తోందనుకుంటారు తప్ప పాత కారు షెడ్డుకు పోతోందని ఎవరూ అనుకోరు. దానికి విడిగా ముసుగు చార్జీ తీసుకుంటాను. కారు లాగినందుకు గీచి గీచి బేరమాడే మహానుభావులు ముసుగుకు మాత్రం అడిగినంతా ఇచ్చేస్తారు!

ఇంకో చిక్కు. యజమాని నా పక్క సీట్లో కూర్చుంటే పరువు పోతుంది. ఆటో ఎక్కినా పోతుంది. కాబట్టి ముసుగు కింద తన కార్లోనే కూర్చుంటాడు. స్టీరింగ్ పట్టుకుని మరీ కూర్చుంటాడు! అద్దాలు దిగవు, ఏసీ పనిచేయదు, చొక్కా తడిసి ముద్దవుతుంది. ఒకసారి స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడినప్పుడు లోపలినుంచి హారన్ వినబడింది. పాపం, ఆ కారులో పనిచేస్తున్నది అదొక్కటే.

సంఘం అధ్యక్షులు కాంట్రాక్టరు గారు. వారంటీ ముగిసిన వారానికే ఆయన కారు ఎడమవైపుకు కుంగింది. దానికి స్ప్రింగులకు బదులు గాలి తిత్తులుంటాయట, వాటిలో ఒకటి పగిలింది. అది మార్పించేసరికి రెండోది అలిగింది. తర్వాత గేర్లు, ఆ తర్వాత ముందు దీపం. ఆ ఒక్క దీపం ఖరీదుకు నా వ్యానుకు కొత్త ఇంజనే వస్తుంది. గోరంత సెన్సారు ఒకటి సముద్రాలు దాటి రావడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ ఆయన "నడక ఆరోగ్యానికి మంచిదయ్యా" అని ఊరంతా చెబుతూ ఊరంతా నడిచారు. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో చూడాలంటే ఆ బానెట్ ఎత్తితే చాలు.

ఇవన్నీ నా కడుపులోనే ఉండాలి. ఆ ఇత్తడి పలక మీద చెయ్యి పెట్టించి నాతో ప్రమాణం చేయించారు. నోరు జారితే నెలకు ఏడెనిమిది కిరాయిలు పోతాయి. అంచేత నా వృత్తి ధర్మాన్ని నేను ఎంతో నిష్ఠగా పాటించాను.

ఇక మా బావ. రిటైరైన హెడ్మాస్టరు. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద 'ఆడంబరం అనర్థదాయకం' అని రాసిన చెయ్యి ఆయనది. ఆ మధ్య ఏదో ఫంక్షన్ హాలుకు స్కూటర్ మీద వెళ్తే, సెక్యూరిటీ వాడు "స్కూటర్లు వెనక గోడ దగ్గర పెట్టు పెద్దాయనా" అన్నాడట. అంతలో పొడవాటి కారు ఒకటి వచ్చింది. వాడు దానికి సెల్యూట్ కొట్టాడు. అందులోంచి దిగింది ఎవరనుకున్నారు? బావ దగ్గర ఏడో తరగతి మూడుసార్లు తప్పిన మన కాంట్రాక్టరు గారే! ఆ రోజు నుంచి బావకు అన్నం సయించలేదు. కారు కావాలన్నాడు. ఆ కారే కావాలన్నాడు.

"మీరు గురువుగారు కాబట్టి ఇస్తున్నాను. నేను మెకానిక్ మొహం చూస్తే ఒట్టు!" అన్నారు కాంట్రాక్టరు గారు. ఆ మాట నిజమే. ముసుగులోంచి ఎవరి మొహమైనా ఎలా కనిపిస్తుంది?

బావ దగ్గర అంత డబ్బు లేదు. ఉన్నది అక్క కూడబెట్టింది. మా అక్క దర్జీ. ఇరవై రెండేళ్లుగా ఒక అద్దె గదిలో రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల వేసుకుని కుడుతోంది. ఇప్పుడా గది అమ్మకానికి వచ్చింది. నెలాఖరులోగా అక్క కొనకపోతే ఇంకొకరు కొంటారు, అక్కా మిషన్లూ రోడ్డున పడతాయి. గది కోసం దాచిన ఆ సొమ్ముకే బావ ఎసరు పెట్టాడు. ఖాతా ఇద్దరి పేరునా ఉంది. చెక్కు చెల్లాలంటే అక్క సంతకం కూడా కావాలి.

అక్క నా దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్, ఆ కార్ల సంగతి నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. నిజం చెప్పు, కొనచ్చా?"

"ప్రమాణం చేశానక్కా."

"ఎవరికి?"

"సంఘానికి."

"చిన్నప్పుడు నిన్ను చంకనేసుకు తిరిగింది సంఘమా, నేనా?"

నాకు సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు పక్కనే నెలకు ఎనిమిది కిరాయిలు కూడా కనబడ్డాయి. అన్నట్టు, ముసుగులు కుట్టేది మా అక్కే. అవి కొత్త కార్లకని ఆమెతో అబద్ధం చెప్పింది నేనే.

ఆ ఆదివారం సంఘం వార్షిక సమావేశం. చర్చాంశం: 'గొప్ప కారు, చిరకాల విశ్వాసం'. అందరి చప్పట్ల మధ్య బావ చెక్కు అందించి సభ్యుడు కావాలని ఏర్పాటు. అక్కను సంతకం కోసం వెంటబెట్టుకుని వచ్చాడు. సరిగ్గా అప్పుడే నాకు గుసగుస ఫోన్! అధ్యక్షుల వారి కారు రెండు వీధుల అవతల విశ్రాంతి తీసుకుంటోంది. వెళ్లి, ఆయనతో సహా ముసుగు కప్పి, తెచ్చి భవనం వెనక సందులో ఆపాను. ఆయన ముసుగు కిందినుంచి పాక్కుంటూ బయటికొచ్చి, మొహం తుడుచుకుని, వెనక గుమ్మంలోంచి నేరుగా వేదిక ఎక్కారు.

"ఎనిమిదేళ్లు! ఒక్క స్క్రూ బిగిస్తే ఒట్టు!" అన్నారు పళ్ల డాక్టరు గారు. ఆయన కారును మంగళవారమే మోశాను.

"షెడ్డు ఎటువైపుందో నా కారుకు తెలీదు!" అన్నారు లాయరు గారు.

వెనక నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను.

అక్కకు ఊపిరాడలేదు. చెక్కు మీద సంతకం పెట్టకుండానే లేచి, గాలి కోసం వెనక సందులోకి వెళ్లింది. అక్క కార్లను చూడదు, కుట్టును చూస్తుంది. రెండు నిమిషాల్లో కేక వినబడింది. రెండు మిషన్ల చప్పుడు మీదుగా మాట్లాడి మాట్లాడి అలవాటైన గొంతు.

"ఏవండీ! ఒకసారి ఇటు రండి!"

బావతో పాటు సభంతా బయటికి వచ్చింది.

"ఇది నా కుట్టు. కొత్త కార్లకని చెప్పి, రెండేళ్లలో ఈ కొలతకే ఆరు ముసుగులు కుట్టించాడు వీడు. కప్పీ తీసీ చిరిగిపోతే మళ్లీ కుట్టాను. ఒరేయ్, ఒకే కారు ఆరుసార్లు కొత్తగా ఎలా వస్తుందిరా?"

నేను నోరు తెరిచాను. ప్రమాణం గుర్తొచ్చి మూశాను. అక్క నాకేసి ఒక్క చూపు చూసి, సంచిలోంచి కత్తెర తీసి తాళ్లు పటపటా కత్తిరించింది. ముసుగు జారింది. ఎడమవైపుకు ఒరిగిన కారు, డ్రైవరు సీట్లో చెమటతో తడిసిన చేతిరుమాలు.

బావ నంబరు పలక చూశాడు. నెల్లాళ్లుగా నిద్రలో కలవరిస్తున్న నంబరది.

"ఇది... నీ కారు కదూ?"

కాంట్రాక్టరు గారు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు. చుట్టూ సభ్యులు. అవునంటే అధ్యక్ష పదవి ఊడుతుంది.

"నాదా? ఛఛ! ఇదెవరిదో గురువుగారూ! నా కారు ఇంట్లో ఉంది!"

"మళ్లీ అడుగుతున్నా. నీది కాదా?" అన్నాడు బావ, తరగతి గది గొంతుతో.

"కాదండీ."

"చూశారా అందరూ? నా బేరం ఈ నంబరు కారుకు. అది వీడిది కాదట. తనది కాని కారును వీడెలా అమ్ముతాడు? చెక్కు ఎలా ఇస్తాను?" అని చెక్కును నాలుగు ముక్కలు చేశాడు.

సోమవారం అక్క గది కొనుక్కుంది. ఆమె మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. నా వల్ల కానిది ఆమె కత్తెర వల్ల అయింది. కారు మాత్రం షెడ్డుకు చేరి అక్కడే ఉండిపోయింది. ఎవరిదీ కాదు కదా!

నాలుగో రోజు బావ వచ్చాడు. "ఏమోయ్, ఆ ముసుగు ఏం చేశావ్?"

పట్టుకెళ్లాడు. సొంతమైన గదిలోకి అక్క కొత్త బల్ల చేయించుకుంది. పాత కటింగ్ బల్లను తెచ్చి వాకిట్లో వేసి, ముందొక స్టూలు, వెనక తన స్కూటరు పెట్టి పైన ముసుగు కప్పాడు. రోడ్డు మీంచి చూస్తే అచ్చం కారే! వీధి వీధంతా నమస్కారాలు. "హెడ్మాస్టరు గారు కారు కొన్నారట, దుమ్ము పడుతుందని బయటికే తియ్యరట!" సంఘం వాళ్లు వెతుక్కుంటూ వచ్చి సభ్యత్వం ఇచ్చారు.

ఏడాది తిరిగింది. 'అత్యంత నమ్మకమైన కారు' షీల్డు ఎవరికివ్వాలో తేల్చడానికి, గుమ్మం పక్కనున్న ఇత్తడి పలకను ఊడదీసి తెచ్చి, నన్ను వేదిక ఎక్కించారు.

"పలక మీద చెయ్యి పెట్టి చెప్పు. హెడ్మాస్టరు గారి కారును ఎన్నిసార్లు మోశావు?"

"ఒక్కసారి కూడా లేదు సార్."

"రిపేరు ఖర్చు?"

"పైసా కాలేదు సార్!"

హాలు దద్దరిల్లింది. ఆ సంఘం చరిత్రలో ఆ పలక మీద చెయ్యి పెట్టి ఎవరైనా చెప్పిన మొదటి నిజం అదే. బావ షీల్డు అందుకుని, 'ఆడంబరం అనర్థదాయకం' అన్న అంశం మీద ముప్పావుగంట మాట్లాడి, నడిచి ఇంటికెళ్లాడు.

మర్నాడు నాకు గుసగుస ఫోన్. కాంట్రాక్టరు గారు. తన కారు తనది కాదన్న రోజు నుంచి ఆయన గ్యారేజీ షట్టర్ ఎత్తనే లేదు.

"ఏమయ్యా, ఒక చిన్న సాయం. మీ బావగారి బల్ల పొడవు వెడల్పులు మీ అక్కనడిగి చెబుతావా?"

అంటే ఏడాదిగా వీళ్లందరికీ తెలుసన్నమాట!

"చెబుతాను సార్. ముసుగుతోనా, ముసుగు లేకుండానా?"

"ఛ! అదేం ప్రశ్నయ్యా!"