అమ్మమ్మల పన్ను శిబిరం

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని మా లోకస్ట్‌ఫోర్డ్‌లో ఇకపై ఏ అమ్మమ్మా కంటతడి పెట్టనక్కర్లేదని శాసనసభ్యులు క్లిఫ్టన్ బ్రాడ్‌నాక్స్ గారు ప్రకటించారు. మనవల్ని సాకే అమ్మమ్మలకు పిల్లల పన్ను రాయితీ ఇప్పించడానికి శనివారం చర్చి హాల్లో శిబిరం పెట్టించారు. వేయించిన చేపలు కూడా పెట్టించారు. మేలో ఎన్నికలుండటం కేవలం కాకతాళీయం.

మొదటి లబ్ధిదారుగా వర్డెల్ గెయిన్స్‌ను ఎంపిక చేశారు. ఆవిడ చర్చికి పెట్టుకొచ్చే ఊదారంగు టోపీ ఫొటోల్లో బాగా పడుతుంది. ఇంట్లో ఆవిడ, కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు లాట్రీస్, ఏడేళ్ల మనవడు జమారి. వాడికి బడిలో బోర్డు మీది అక్షరాలు కనబడవు. రాయితీ డబ్బు రాగానే కళ్లద్దాలు కొనాలి. వర్డెల్‌కున్న దిగులు అదొక్కటే.

"పిల్లాడికి వండిపెట్టేదెవరు పెద్దమ్మా?" అని మైకులో అడిగారు సభ్యులవారు.

"నేనే నాయనా."

"బడికి తయారుచేసేదెవరు?"

"అదీ నేనే. కానీ జీతం మా అమ్మాయిది. నాకొచ్చేది పింఛనొక్కటే. పన్ను కాయితం దాని పేర పెడితేనే డబ్బొస్తుందని పోయినేడు చెప్పారు."

సభ్యులవారు నొచ్చుకున్నారు. "బ్యానరు మీద ఏముంది? అమ్మమ్మలనే కదా. అమ్మలని రాశామా?"

కంప్యూటర్లో పన్ను కాయితాలు నింపుతున్న రిటైర్డ్ టీచరు గొంతు తగ్గించి చెప్పాడు. "సార్, ఒకే ఇంట్లో ఉంటే ముందు హక్కు తల్లిది. పైగా జీతం లేదు కాబట్టి ఈవిడకి సున్నా వస్తుంది."

"సున్నా అయితేనేం, గౌరవం ముఖ్యం. ఈవిడ పేరే పెట్టి నొక్కవయ్యా."

నొక్కాడు. హాలంతా చప్పట్లు. తలుపంత అట్టచెక్కు వర్డెల్ చేతికిచ్చారు. అంకె ఉండాల్సిన చోట సభ్యులవారు నవ్వుతున్న ఫొటో ఉంది.

సోమవారం లాట్రీస్ పంపిన పన్ను కాయితం గంటలో తిరిగొచ్చింది. ఈ పిల్లవాణ్ని ఇప్పటికే వేరొకరు తమ కాయితంలో చూపించుకున్నారట. సరిచేయాలంటే నెలలు పడుతుందట.

"ఎవరమ్మా ఆ వేరొకరు?" అని తల్లిని నిలదీసింది.

"నేనేనే."

"నీ పేర పెట్టొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"అంతమంది చూస్తుంటే కాదనలేకపోయానే. చేపలు కూడా పెట్టారు."

పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతున్న మనవణ్ని చూసి వర్డెల్‌కు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. సభ్యులవారికి ఫోన్ చేసి, ఉన్నదంతా చెప్పింది.

ఆయన చలించిపోయారు. ఇలాంటి పెద్దమనసు మరో నియోజకవర్గానికి దొరకదు. రాయితీ ఆగిపోయిన తల్లుల కోసం వచ్చే శనివారమే ఇంకో శిబిరం పెడుతున్నట్టు అక్కడికక్కడే నిర్ణయించారు. మొదటి లబ్ధిదారు లాట్రీస్.

"మనవణ్ని కూడా తీసుకురా పెద్దమ్మా," అన్నారు. "ఫొటోలు అయ్యేదాకా అద్దాలు మాత్రం కొనకండి."