జోరీగ లేని ఊరు

"నేటి నుంచి మన ఊళ్లో జోరీగ అన్నదే లేదు!" అని ప్రకటించారు పశుక్షేమ అభియాన్ అధ్యక్షులు దుర్గేశ్ గారు. తర్లగూడ దగ్గరున్న మా ఊరికి ఇంతటి గౌరవం మునుపెన్నడూ దక్కలేదు. మైక్ సెట్టు నాదే కనుక ఆ మాట అందరికంటే ముందు వినే భాగ్యం నాకు కలిగింది.

సర్వే పకడ్బందీగా జరిగింది. బడి గదిలో తలుపులు మూసుకుని, ఫ్యాన్ కింద మూడు గంటలు కూర్చుని చూశారు. ఒక్క జోరీగా రాలేదు. పశువుల దగ్గరికి వెళ్లి చూస్తే బాగుంటుందేమోనని ఎవరో నసిగారు.

"అక్కడ ఈగలుంటయ్ కదయ్యా! రిపోర్ట్ ఖరాబైతది," అన్నారు దుర్గేశ్ గారు. ఎంత ముందుచూపు!

ఊళ్లో జోరీగల్లేవన్న ప్రమాణపత్రం అందుకునే సభ రోజే పశువుల కాంపౌండర్ లక్ష్మణ్ దొమ్మరోగం టీకాల డబ్బాతో దిగాడు. ఆ రోగాన్ని ఒక పశువు నుంచి ఇంకో పశువుకు జోరీగలు మోస్తాయట. కిందటి వారమే పక్క ఊళ్లో నాలుగు ఎడ్లు పోయాయి.

"ఈగల్లేని ఊరికి టీకాలేంది? ఏక్‌దం వాపస్!" అన్నారు దుర్గేశ్ గారు.

మా ఊరి సారలమ్మకు ఉన్నవి రెండే ఎడ్లు. "గవి పోతే కాడికి నన్ను కడ్తవా సారూ?" అని అడ్డం తిరిగింది. ఆయన చిరునవ్వు చెదరలేదు. వేదిక పక్కనే ఉన్న ఆమె కొట్టం ముందు ఈగలు రాకుండా పిడకలు, వేపాకు వేసి పెట్టిన పొగను కూడా ఆర్పించారు. పొగ కనబడితే ఈగలున్నాయని పైవాళ్లు అనుకుంటారట.

పొగ ఆరిన పది నిమిషాలకు జోరీగలు వేదికెక్కాయి.

కెమెరా తిరుగుతోంది. లేని ఈగను కొట్టుకోవడం ఎలా? మెడ మీద కుట్టినప్పుడల్లా దుర్గేశ్ గారు "జిందాబాద్!" అని కేక పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. ఒక్క ఉపన్యాసంలో పదకొండు జిందాబాద్‌లు! అంతటి ఆవేశం నా మైకు ఎరగదు.

ఆయన వేదిక దిగగానే లక్ష్మణ్ చెవి దగ్గర చేరి, "జెర సూది ఏదన్నా ఉంటే ఇయ్యి," అన్నారు.

"ఎడ్లదే ఉంది సార్. ఇంతకీ మిమ్మల్ని ఏం కుట్టింది?" లక్ష్మణ్ రిజిస్టర్ తెరిచాడు.

ఆయన కెమెరా వైపు చూశారు. "ముల్లు. ముల్లు గుచ్చుకుంది."

"అయ్యో, మా ఎడ్లకు సుత గదే ముల్లు గుచ్చుకుంది! రాసుకో లచ్చన్నా," అంది సారలమ్మ. "ముల్లుకు టీకా వద్దంటవా సారూ?"

ప్రమాణపత్రంలో ముల్లు ఊసు లేదు. ఆయన వద్దనలేకపోయారు. ఊళ్లో పశువులన్నీ వరసకట్టాయి. సాయంత్రానికి డబ్బా ఖాళీ అయింది, రిజిస్టర్ నిండా ముళ్లే.

సోమవారం పేపర్లో వచ్చింది: ముళ్ల నిర్మూలన అభియాన్‌కు కూడా దుర్గేశ్ గారే అధ్యక్షులట. మొదటి సభ మా ఊళ్లోనే. వేదికకు రెండు వైపులా పొగ పెట్టమని సారలమ్మకు ముందే కబురొచ్చింది.