నల్లకోటు పెట్టిన పంచాయితీ

మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా మీరందరూ ఒకటే మాట అంటారు. "సురేంద్రా, రాగి సంగటి ఇంత నున్నగా ఎట్లా వస్తుందయ్యా? చౌడేశ్వరి చేతి మహిమ!" అని. ఆమె వినయంగా నవ్వి ఊరుకుంటుంది. నేను తల వంచుకుని పప్పులో ముద్ద అద్దుకుంటాను. ఈ రోజు అసలు సంగతి చెబుతాను, కానీ ఎవరూ నవ్వకూడదు.

నేను నీటిపారుదల ఆఫీసులో పనిచేస్తానని మీకు తెలుసు. మన అనంతపురం జిల్లాలో నీళ్లు లేవు, పారుదల అసలే లేదు, ఆఫీసు మాత్రం ఉంది. అందుకని నాకు తీరిక ఎక్కువ. రెండువేల మూడులో ఆ తీరికను ఏం చేసుకోవాలో తెలియక ఇంటికి ఒక కంప్యూటర్ తెచ్చాను.

తెచ్చింది నేను, పట్టుకుంది ఆమె. మౌస్ అలవాటు కావాలంటే పేకాట ఆడమని నేర్పింది కూడా నేనే. నెల తిరగకుండానే ఇంట్లో మూడు పూటలా పేకముక్కలు పరుచుకున్నాయి. అదీ మనిషి తోడు అక్కర్లేని పేకాట.

"చౌడేశ్వరీ, ఆకలి!"

"ఉండు బావా, ఎర్ర రాణి రావల్ల."

"నల్ల రాజు ఈడ ఆకలితో నిలబడినాడే!"

"నల్ల రాజు రోంత కూర్చోని ఉల్లిగడ్డలు తరిగితే, ఎర్ర రాణి బిరీన వస్తాది."

చౌడేశ్వరి నా మేనత్త కూతురు. అంటే మా నాయనకు సొంత చెల్లెలి కూతురు. చిన్నప్పటి నుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది, చిన్నప్పటి నుంచీ నా మాట వినదు.

ఒకరోజు పొయ్యి మీద సంగటి సగం గెలికి వదిలేసి ఆటకు వచ్చింది. ఆ సంగటిలో ముద్ద ఏదో గడ్డ ఏదో నాకు తెలియలేదు. ఒక గడ్డ గొంతులో అడ్డం పడితే చెంబెడు నీళ్లు తాగాల్సి వచ్చింది. ఆ నీళ్లు తాగుతూనే నిర్ణయించుకున్నాను, ఈ పేకాట మా ఇంట్లో ఉండకూడదని.

ఆ ఆట ఒక్కటి చెరిపేస్తే పోయేది గదా అని మీరు అనవచ్చు. చెరిపింది ఎవరో ఆమెకు తెలిసిపోతుంది. మా ఇంట్లో ఉండేది ఇద్దరమే.

సరిగ్గా అప్పుడే తిప్పేష్ గుర్తుకొచ్చాడు. తిప్పేష్ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు. ఊరంతా అతన్ని లినక్స్ తిప్పేష్ అనే పిలుస్తారు. లినక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపే ఇంకో రకం సిస్టమ్. పెళ్లికి పిలిచినా, చావుకు పిలిచినా లినక్స్ గురించి ఒక మాట చెప్పకుండా లేవడు.

"ఉచితం సురేంద్రా! వైరస్ రాదు. ఎవరికీ దండం పెట్టే పనిలేదు," అన్నాడు.

"అవన్నీ సరేగానీ తిప్పేషూ, దాంట్లో పేకాట ఉంటాదా?"

అతనికి కోపం వచ్చింది. "అది పెద్ద పెద్ద సర్వర్లు నడిపే సిస్టమప్పా! పేకాట అంటావేమి, సిగ్గులేకుండా!"

నాకు అంతకన్నా శుభవార్త లేదు. పైగా దాంట్లో 'రూట్' అని ఒక పదవి ఉంటుందట. రూట్ అంటే ఇంటి యజమాని లాంటివాడు, మిగతావాళ్లు ఏం చేయాలన్నా వాడి అనుమతి కావాలట. పెళ్లయినప్పటి నుంచీ నేను వెతుకుతున్న ఉద్యోగం అదే.

పథకం ఇది. కంప్యూటర్ లోపల ఉండే జాగాను రెండు భాగాలు చేయాలి. దాన్నే పార్టిషన్ అంటారు. ఒక భాగంలో పాత సిస్టమ్ అలాగే ఉంటుంది, రెండో భాగంలో లినక్స్ కూర్చుంటుంది. స్విచ్ వేస్తే లినక్సే వస్తుంది. వైరస్ పట్టి పాతది పోయిందని ఆమెకు చెబుతాను, ఆమె పొయ్యి దగ్గరికి పోతుంది.

శనివారం తిప్పేష్‌కు ఫోన్ చేశాను. అదే సమయానికి ఉరవకొండ దగ్గరి మా ఊరి నుంచి, మా నాయన చేలో పనిచేసే బయ్యన్న శెనక్కాయల మూట తెచ్చి వసారాలో కూర్చుని ఉన్నాడు. చౌడేశ్వరి అతనికి కాఫీ పెడుతోంది. నేను ఫోన్‌లో మాట్లాడిన మాటలు ఇవి, జాగ్రత్తగా వినండి.

"పార్టిషన్ చెయ్యక తప్పదంటావా? సరే, చేసేద్దాం. సగం పాతదానికి ఉండనీ, సగం నాకు వేరే చెయ్యి. రూటు మాత్రం నా చేతిలోనే ఉండల్ల, రూటు ఎవరిదో పెత్తనం వాళ్లది. ఆ నల్లకోటాయన వచ్చి నిలబడినాడంటే పని అయినట్లే గదా? రేపు ఆదివారమే కానిద్దాం. చౌడేశ్వరికి మాత్రం తెలియకూడదు."

నల్లకోటాయన అంటే లినక్స్ గుర్తు, పెంగ్విన్ పక్షి. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, అచ్చం కోర్టుకు పోయే వకీలు మాదిరి ఉంటుంది.

"బయ్యన్న కాఫీ తాగకుండానే పోయినాడేందబ్బా?" అంటూ చౌడేశ్వరి గ్లాసు పట్టుకుని బయటికి వచ్చింది. బస్సుకు టైమయి ఉంటుందిలే అన్నాను. ఆ కాఫీ నేనే తాగేశాను.

ఆదివారం పొద్దున్నే, తాను రాలేనని తిప్పేష్ పంపిన సీడీలు ముందేసుకుని కూర్చున్నాను.

"ఏం చేస్తాండావు బావా?"

"వైరస్ పట్టింది. వైద్యం చేస్తాండా."

"నిన్న సాయంత్రం దాకా బాగుండె గదా!"

"వైరస్ చెప్పి వస్తాదా?"

లినక్స్ సగం ఎక్కగానే కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మౌస్ గుర్తు ఒక మూలకు పోయి అలిగినట్టు కూర్చుంది, ఎంత లాగినా రాలేదు. మౌస్ పీకి, ఊది, తుడిచి, మళ్లీ గుచ్చాను. తర్వాత రూట్‌కు రహస్య పదం పెట్టమంది. కడుపులో ఏముందో నోట్లోకి అదే వస్తుంది గదా, 'సంగటి' అని పెడదామనుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కొడుతున్నాను, తెర మీద ఒక్కటీ కనిపించదు.

వెంటనే తిప్పేష్‌కు ఫోన్ కొట్టాను. "కీబోర్డు చచ్చిపోయింది తిప్పేషూ! ఎస్ కొడితే రాదు, ఏ కొడితే రాదు, ఎన్ కొడితే రాదు, జీ కొడితే రాదు!"

"అరవొద్దప్పా. రహస్య పదం ఎవరికీ కనపడకూడదని అది చూపించదు. ఎవరూ చూడకుండా కొట్టు."

ఎవరూ చూడలేదు. చౌడేశ్వరి వంటింట్లో ఉంది.

చివరికి తెర నల్లబడింది. పైన మూలలో పెంగ్విన్ ప్రత్యక్షమైంది. కింద తెల్లటి అక్షరాలు సర్రున పరుగెత్తి ఒకచోట ఆగాయి.

"ఏం బాతు బావా అది?" చౌడేశ్వరి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బాతు కాదే, పెంగ్విన్. మంచుదేశం పక్షి."

"మన ఎండలకు బతుకుతాదా? కింద ఏమో అడుగుతాంది చూడు."

"నా పేరు అడుగుతాంది."

"దుడ్లు పెట్టి కొన్నోన్నే ఎవరు నువ్వు అంటాందా! మంచి తెలివిగల్ల మిషనే."

ఆ మాట పట్టించుకోకుండా పేరు, రహస్య పదం, ఆ తర్వాత తిప్పేష్ చెప్పిన ఆజ్ఞ కొట్టాను. తెర రెండుసార్లు మిణుకుమంది. నా గుండె కూడా మిణుకుమంది. అంతలో నీలం రంగు తెర నిండా విచ్చుకుంది, మౌస్ కదిలింది! నిజం చెబుతున్నా, నా చిన్నప్పుడు మా చేలో బోరుకు నీళ్లు పడ్డ రోజు మా నాయన ఎట్లా ఎగిరాడో నేనూ అట్లా ఎగిరాను. అంతవరకూ నా చేత్తో ఒక బల్బు కూడా సరిగ్గా బిగించినవాణ్ని కాదు. ఎంత సంతోషం వేసిందంటే, ఒక్క నిమిషం పాటు ఈ పనంతా ఎందుకు చేశానో కూడా మరిచిపోయాను.

అప్పుడు వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

మా నాయన సోమప్ప, మా అన్న గురప్ప, వాళ్ల వెనకాల నేలచూపులు చూస్తూ బయ్యన్న. చౌడేశ్వరి సంబరపడి మంచినీళ్లు తెచ్చింది. నాయన ఆ చెంబు వైపు చూడలేదు.

"ఈ ఇంట్లో నీళ్లు ముట్టనమ్మా. మీ ఆయన ఏం జవాబు చెప్తాడో చెప్పనీ."

"ఏమైంది నాయనా?" అంటూ లేచి ఎదురు పోయాను.

"భాగాలు కావల్లంటివంట గదరా! నేను బతికుండంగానే చేని నడుమ గట్టు వేస్తావా? నేను పోయినంక ఏమన్నా చేసుకోండి. నేనుండంగ వద్దు నాయనా, వద్దు."

మా నాయన గొంతు వణకడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. సంగతేమో ఒక్క ముక్క అర్థం కాలేదు.

అన్న ముందుకు వచ్చాడు. "సగం నీకు రాసియ్యల్ల, అంతేనా? రూటు గూడా నీ చేతిలోనే ఉండల్లంటివంట! చేనికి పోయే దావ నువ్వు పట్టుకుంటే నా బండి యాడ్నుంచి పోవల్లరా, గాల్లో పోవల్లనా? పైగా నల్లకోటు లాయరును పిలిపిస్తాండావా అన్నదమ్ముల మధ్యకు?"

"నేను చెవులారా ఇన్నా," అన్నాడు బయ్యన్న. "చౌడేశ్వరమ్మకు తెలియకూడదని గూడా చెప్పినాడు."

చౌడేశ్వరి నా వైపు తిరిగింది. "నాకేం తెలియకూడదు బావా?"

ఇదిగో, మనిషిని ఇరకాటంలో పెట్టడమంటే ఇదే. నిజం చెబితే నాయన మనసు కుదుటపడుతుంది, కానీ నా సంసారం అతలాకుతలం అవుతుంది. చెప్పకపోతే నాయన ఆ నీళ్లు తాగకుండానే ఎండలో బస్టాండుకు నడుస్తాడు. ఆయన ఎండిన పెదవులు చూశాక నాకు ఇంకేమీ తోచలేదు.

"నాయనా, చేనికి కాదు. భాగాలు ఈ కంప్యూటర్‌కు. రూటంటే దావ కాదు, దీంట్లో పెత్తనం. లాయరు ఎవరూ లేరు, నల్లకోటాయన ఇదిగో." కంప్యూటర్ ఆర్పి మళ్లీ వెలిగించి పెంగ్విన్‌ను చూపించాను. "చౌడేశ్వరి పేకాట మాన్పించల్లని చేసిన పని ఇదంతా."

నాయన వంగి, కళ్లు చిట్లించి పక్షిని చూశాడు. "ఈ పిట్టనా లాయరు?" అన్నాడు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "చౌడీ, రోంత నీళ్లు ఇయ్యమ్మా," అన్నాడు. మా అన్న పోయి బయ్యన్న వీపు మీద ఒక్కటి చరిచాడు. నాకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది.

చౌడేశ్వరి మాత్రం నవ్వలేదు. చెంబు నాయన చేతికిచ్చి, కొంగు నడుముకు దోపింది.

"మామా, పెద్దోళ్లు ఎట్లాగూ భాగాలకని వచ్చినారు. పంచకుండా పోతే ఎట్ల? ఈ కంప్యూటర్‌ను పంచండి."

నాయన సర్దుకుని కూర్చున్నాడు. పంచాయితీ అంటే ఆయనకు ప్రాణం. "భాగాలు వేసింది ఎవరు?"

"నేనే," అన్నాను గర్వంగా.

"అయితే మన ఊరి కట్టు తెలుసు గదా. భాగాలు వేసినోడు కడాన ఎత్తుకోవల్ల. ముందు ఎత్తుకునేది అవతలోళ్లు. ఎత్తుకోమ్మా."

పేకాట ఉన్న పాత భాగం ఆమె ఎత్తుకుంటే నా కష్టమంతా బూడిదే. వెంటనే తెలివిగా ఒక మాట వేశాను. "పాతదే ఎత్తుకో చౌడేశ్వరీ, కొత్తది నీకెందుకు? అది పెద్ద సర్వర్లు నడిపేది." వద్దన్నది చేయడం ఆమెకు చిన్నప్పటి అలవాటని నాకు తెలుసు.

పంచే సొత్తు కనపడాలి గదా అని పేరు, పదం కొట్టి నీలం తెర మళ్లీ తెప్పించాను. ఆమె కుర్చీలో కూర్చుంది. "మూలన ఈ పాదం గుర్తు ఏంది బావా?" అంటూ నొక్కింది. ఒక పట్టీ తెరుచుకుంది. అందులో 'గేమ్స్' అని ఉంది. దాన్ని నొక్కితే ఇంకో పట్టీ, అందులో పేకముక్కల బొమ్మ. అది నొక్కేసరికి పేకాటల పేర్లు తెర పైనుంచి కింది దాకా దిగుతూనే ఉన్నాయి.

"పాతదాంట్లో ఒకే పేకాట," అంది చౌడేశ్వరి మెల్లగా. "ఈడ పేకాటల సంతే ఉండాది!"

"ఓరినీ! ఇన్ని రకాలుండాయా!" మా అన్న కుర్చీ లాక్కుని ఆమె పక్కన చేరాడు.

"నాకు కొత్తదే కావల్ల మామా. రూటు గూడా దాంట్లోదే గదా. చేను ఎవరిదో దావ వాళ్లదే."

"న్యాయమే," అన్నాడు అన్న, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

నేను లోలోపల నవ్వుకున్నాను. రూటు తీసుకుంటే తీసుకోనీ, రహస్య పదం నా ఒక్కడికే తెలుసు. పదం అడిగే గడి తెరిచి, కొట్టుకో అన్నాను. ఆమె కీబోర్డు ముందుకు లాక్కుని, "ఎస్... ఏ... ఎన్... జీ..." అని పాడుతూ సంగటి మొత్తం కొట్టేసింది.

"నీకెట్ల తెలుసే!"

"పొద్దున బజారంతా ఇనపడేట్లు అరిస్తివి గదా బావా, కీబోర్డు చచ్చిపోయిందని."

సాయంత్రం తిప్పేష్ మీద విరుచుకుపడ్డాను. "పేకాట లేదంటివి గదప్పా!"

"నేను ఆ నల్ల తెర దాటి ఎప్పుడూ పోలేదు సురేంద్రా. రంగుల్లో ఏముందో నాకేం తెలుసు? అది సరేగానీ, మీ ఇంటామె ఇప్పుడే ఫోన్ చేసింది. రహస్య పదం మార్చడం ఎట్లని అడిగింది. ఒక్కసారి చెప్తే నేర్చుకుందప్పా!"

నా భాగానికి వచ్చిన పాత సిస్టమ్‌కు ఆ వారంలోనే వైరస్ పట్టింది. ఈసారి నిజంగానే పట్టింది. అప్పటి నుంచి నేను కూడా కొత్తదాంట్లోనే బతకాలి. స్విచ్ వేయగానే అది నన్ను ఎవరు నువ్వు అంటుంది. పేరు కొడతాను. రహస్య పదం ఏదంటుంది. అది మా ఇంట్లో కూరతో పాటు రోజూ మారుతుంది.

లేచి వంటింటి గడప దగ్గర నిలబడతాను.

"చౌడేశ్వరీ, ఈ రోజు ఏం పెట్టినావు?"

"ఎసరు మరుగుతాంది బావా. పిండి పోసి, గడ్డ లేకుండా గెలుకు. చెప్తా," అని ఆమె ఆటకు పోతుంది.

మొదట్లో ఒక్క గడ్డ కనిపించినా తప్పు పదం చెప్పేది. ఇప్పుడు చెయ్యి బాగా తిరిగింది. అందుకే మీరు మెచ్చుకున్నప్పుడల్లా ఆమె నవ్వుతుంది, నేను తల వంచుకుంటాను. ఇంకొక ముద్ద వేయమంటారా? మొహమాటపడకండి, గెలికింది నేనే.