ఫ్రిజ్‌లో మినుకుమనే డబ్బా

పక్క వీధిలో ఎవరో మొగుడు మిక్సీ అడుగున మైకు దాచి, ఎక్కడో ఊరుకాని ఊళ్లో కూర్చుని పెళ్లాం మాటలన్నీ వింటున్నాడట. చూసినవాళ్లు ఎవరూ లేరు. వీధి కబుర్లన్నీ మోసే వార్తలత్తకు ఆమె మరదలు చెప్పింది, మరదలికి పాలావిడ చెప్పింది, పాలావిడకు ఎవరు చెప్పారో పాలావిడకే గుర్తు లేదు. అయినా వార్తలత్త నోట్లో పడ్డాక ఆ మిక్సీకి రంగు, ఆ మొగుడికి మీసం కూడా వచ్చేశాయి. కుట్టుపిల్ల వంటింటి గడప మీద చతికిలబడి ఆమె ఈ కథ ముగించేసరికి ఉదయం తొమ్మిదయింది.

కుట్టుపిల్ల అంటే ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడ. నలభైకి దగ్గరపడుతున్నా, కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది. ఆ రోజు ఆమె పెట్టుకున్న పని చిన్నదే. పది గంటల్లోపు ఫ్రిజ్‌లో పేరుకున్న మంచు కరిగించి, తుడిచి, మళ్లీ మిషను ముందు కూర్చోవాలి. ముప్పై బడి చొక్కాలకు కాజాలు కుట్టాల్సి ఉంది.

ఫ్రిజ్ కొత్తదేమీ కాదు. మూతపడిన మందుల షాపులోంచి భర్త రెండు నెలల కిందట లారీలో తెచ్చి దింపి వెళ్లాడు. అతను లారీ డ్రైవరు, వరసకు ఆమెకు బావ. ఇరవై రోజులకొకసారి వస్తాడు, రెండు రోజులుంటాడు, అందులో ఒకటిన్నర రోజు నిద్రపోతాడు. కాకపోతే రోజూ సాయంత్రం ఫోను మాత్రం తప్పదు. "తిన్నావా?" "తిన్నా." "సరే, ఉంటా." పదిహేనేళ్ల కాపురంలో ఆ ఫోను అంతకు మించి ఒక్క మాట పెరగలేదు. చెప్పాలనుకున్నవన్నీ ఆమె గొంతు దాకా వచ్చి, 'ఉంటా' వినగానే వెనక్కి తిరిగి వెళ్లి వాటి చోట్లో అవి కూర్చునేవి.

మంచు చెక్కుతుంటే లోపలి ప్లాస్టిక్ పలక ఊడి చేతికొచ్చింది. దాని వెనక అగ్గిపెట్టెంత తెల్ల డబ్బా ఒకటి అతికించి ఉంది. ఉండి ఉండి పచ్చగా మినుకుమంటోంది.

వార్తలత్త గడప మీద నుంచి లేచిన వేగానికి ఆమె మోకాళ్ల నొప్పులు కూడా ఆశ్చర్యపోయి ఉంటాయి. "మైకే! నే చెప్పలా?"

"మా బావ అలాంటివాడు కాదత్తా."

"దొరికేదాకా ఏ మొగుడూ అలాంటివాడు కాదే తల్లీ. నువ్వు నోరు తెరిచి అడిగితే చీర తేని మనిషి, అడక్కుండా ఫ్రిజ్ తెచ్చాడంటే ఏమనుకోవాలి?"

ఆ మాట ముల్లులా దిగింది. వార్తలత్త వెళ్లాక కుట్టుపిల్ల నడుముకు చెంగు బిగించి ఫ్రిజ్ ముందు నిలబడింది.

"నా మీద అనుమానమా బావా? విను, బాగా విను! ఈ గుమ్మం తొక్కే మగమనిషి హెడ్మాస్టారొక్కడే. డెబ్బై ఏళ్లాయనకి. కొలత తీస్తుంటే నిలబడే నిద్రపోతాడు. పెళ్లాన్ని వదిలేసి ఊళ్లు తిరిగేది నువ్వు, నిఘా నా మీదా?"

తిట్టి తిట్టి అలసిపోయాక ఆమెకొక సంగతి తట్టింది. పావుగంట నుంచి మాట్లాడుతోంది. అవతలివాడు 'ఉంటా' అనలేదు.

డబ్బాను ఉన్నచోటే ఉంచి మెల్లగా పలక మూసింది.

ఆ సాయంత్రం ఫోనులో అతను రెండుసార్లు దగ్గాడు. 'నా తిట్లకే పొలమారింది' అనుకుంది. మర్నాడు, "వంటింట్లో లైటు గుడ్డిగా ఉంది బావా" అని ఫ్రిజ్‌కు చెప్పింది. మధ్యాహ్నానికల్లా వైర్‌మ్యాన్ వచ్చి, "మీ ఆయన పోయినసారే చెప్పాడమ్మా, నాకిప్పటికి తీరింది" అంటూ కొత్త లైటు బిగించాడు. ఆమె ఆ 'పోయినసారే' అన్న ముక్క చెవిన పెట్టలేదు. బావ విన్నాడు, అంతే.

ఇక ఆగలేదు. మిషను వంటింట్లోకి జరిగింది. మాట స్పష్టంగా వినపడాలని ఫ్రిజ్ తలుపు బారెడు తెరిచే ఉంచింది. పాలు విరిగాయి, కూరలు వాడాయి, మోటారు దమ్ము రోగిలా రొప్పింది. ఆమె మాత్రం తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, కాజాలు కుడుతూ మాట్లాడుతూనే ఉంది. చెప్పడానికి ఇన్ని ఉన్నాయని ఆమెకే తెలియదు.

"నీ చొక్కా గుండీలు మాటిమాటికీ ఎందుకూడతాయో తెలుసా బావా? నేనే తెంపుతా. కుడుతున్నంతసేపూ నా ఎదురుగా కదలకుండా నిలబడతావని. ఒక్కో గుండీకి ఎన్ని కుట్లేస్తానో ఏనాడైనా చూశావా?"

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. కిటికీ అవతల నిలబడి అంతా విన్న వార్తలత్త, 'కుట్టుపిల్ల ఫ్రిజ్‌తో మాట్లాడుతోంది' అని మరదలికి చెప్పింది. పాలావిడ దగ్గరికి వెళ్లేసరికి అది 'వంటింట్లో ఎవరితోనో మాట్లాడుతోంది' అయింది. లారీ స్టాండు చేరేసరికి ఫ్రిజ్ దారిలోనే ఎక్కడో దిగిపోయి, దాని సీట్లో మగమనిషి ఎక్కాడు. స్టాండులో ఎవరో పుణ్యాత్ముడు డ్రైవరుకు ఫోను కొట్టాడు. "అన్నా, లోడు తర్వాత. ముందు ఇంటికి రా."

నాలుగో రోజు పొద్దున్న ఆమె ఫ్రిజ్‌లో తల పెట్టి, చాలా నెమ్మదిగా అంది. "ఒకసారి రా బావా. పని లేకపోయినా రా."

మధ్యాహ్నం పరుపుల లోడుతో లారీ వీధిలోకి దూరి, అటూ ఇటూ కదలకుండా ఇరుక్కుంది. డ్రైవరు తలుపు తీసే చోటు లేక కిటికీలోంచి దూకాడు.

హారన్ వినగానే కుట్టుపిల్లకు కాళ్లు నేల మీద ఆగలేదు. "వచ్చావా బావా! విన్నావన్నమాట!"

"విన్నాలేవే, ఊరంతా చెప్పుకుంటోంది! ఎక్కడ వాడు?"

"ఎవడు?"

అతను సరాసరి వంటింట్లోకి నడిచాడు. ఫ్రిజ్ వెనక నుంచి రెండు పాదాలు బయటికి కనిపించాయి. వంగి, పట్టుకుని, ఒక్క లాగు లాగాడు. నోట్లో స్క్రూడ్రైవరుతో, ముఖాన బూజుతో ఒక మనిషి బయటపడ్డాడు.

"మెకానిక్‌నండీ బాబూ! మోటారు ఆగట్లేదంటే వచ్చా!"

అప్పటికే కిటికీ నిండా తలలు. ముందు వరసలో వార్తలత్త.

"మరి రోజంతా ఎవడితోనే మాటలు?" డ్రైవరు గొంతు జీరబోయింది. కోపంతో బయలుదేరిన గొంతులోకి దారిలో భయం ఎక్కినట్టుంది.

"నీతోనే!" కుట్టుపిల్ల పలక ఊడబెరికి డబ్బా చూపించింది. "నువ్వు పెట్టిన మైకుతోనే!"

"నేనేం పెట్టానే?"

మెకానిక్ బూజు తుడుచుకుని డబ్బా అందుకుని, తిప్పి చూశాడు. "మైకా? ఇది చల్లదనం కొలిచేదమ్మా. మందుల షాపువాళ్లు పెట్టుకుంటారు, మందులు పాడవకుండా. తీయడం మర్చిపోయారు. దీనికి చెవుల్లేవు."

కుట్టుపిల్ల ఆ డబ్బాను తిరిగి చేతిలోకి తీసుకుంది. నాలుగు రోజులుగా వింటున్న మనిషి అప్పుడే ఇల్లు విడిచి వెళ్లిపోయినట్టుంది ఆమెకు.

"ఏం చెప్పావు దానికి?" అన్నాడు డ్రైవరు, ఈసారి మెల్లగా.

కిటికీలోంచి వార్తలత్తే అందుకుంది. "నీ గుండీలు తనే తెంపుతోందట నాయనా! ఎదురుగా కాసేపు నిలబడతావని! మాకందరికీ తెలుసుగా."

డ్రైవరు తన చొక్కా వైపు చూసుకున్నాడు. పైనుంచి రెండో గుండీ లేదు. దాని చోటు చేత్తో తడుముకున్నాడు. బయట లారీ వెనక ఆగిన బళ్లన్నీ హారన్లు మోగిస్తున్నాయి.

"ఇదంతా నాకు ఫోన్లో చెప్పొచ్చు కదే పిల్లా. చెవుల్లేని ఫ్రిజ్‌కి చెప్పడమేంటి?"

"ఫ్రిజ్ ఒక్కసారి కూడా 'ఉంటా' అనలేదు బావా."