మిరపకొట్టంలో బెంజి

ఆ శనివారం పొద్దున కోటేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నాన్నని, అమ్మని, భార్యని బండిలో ఎక్కించుకుని మంగళగిరి వెళ్ళాలి. కొండ కింద బండికి పూజ చేయించాలి. భోజనాలవేళకి ఇంటికి వచ్చేయాలి. మామూలు మనిషి మామూలు బండిలో ఈ పని ఈల వేసుకుంటూ చేసుకొస్తాడు. కోటేష్ మాత్రం ముందురోజు రాత్రంతా బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఎందుకంటే ఆ బండి ఇరవయ్యేళ్ళనాటి బెంజి, ఆ నాన్న యలమందయ్య.

ప్రత్తిపాడు పక్క ఊళ్ళో పత్తి విత్తనాలు అమ్ముకునే మనిషికి పాత జర్మనీ కార్ల పిచ్చి ఎలా పట్టిందో ఎవరికీ తెలియదు. తోటివాళ్ళంతా పేకాటతో హాయిగా చెడిపోతుంటే, కోటేష్ చెన్నై వెళ్ళి, ఎవరో డాక్టరు గారి షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న 123 మోడల్ డీజిల్ బెంజిని లారీ మీద వేయించుకొచ్చాడు. దాని ఇంజనూ మన ట్రాక్స్ జీపు ఇంజనూ అన్నదమ్ముల పిల్లల్లాంటివని తెలిసిన రోజున అతని ఆనందానికి పట్టపగ్గాలు లేవు. గుంటూరు ఆటోనగర్‌లో జాన్ బాషా అనే మెకానిక్‌ని పట్టుకుని, ట్రాక్స్ సామాన్లు తెచ్చి దీనికి బిగించుకుంటూ ఏడాది గడిపాడు. మెకానిక్ బిగించినవి గట్టిగా ఉన్నాయి. ఆదివారాలు ఇంట్లో కూర్చుని కోటేష్ స్వయంగా బిగించినవి కూడా ఉన్నాయి. వాటి సంగతి ముందు ముందు తెలుస్తుంది.

ఈ ఏడాదంతా బండి ఉన్నది మిరపకొట్టంలో. ఇంట్లో రేకుల కప్పున్న చోటు అదొక్కటే. అటూ ఇటూ మిరపకాయల బస్తాలు, ధర రాని రోజుల్లో బండి నెత్తిమీద కూడా బస్తాలే. అవి దించుతున్నప్పుడు లేచే ఎర్రటి దుమ్ము బండిలో ఎక్కడెక్కడికి చేరిందో ఆ జర్మనీ వాళ్ళక్కూడా తెలిసే అవకాశం లేదు.

ఇక యలమందయ్య. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆయన గట్టిగా దగ్గితే దూడలు పొదుగు వదిలేస్తాయని ఊళ్ళో చెప్పుకుంటారు. కోటేష్‌కి నలభై వచ్చినా, వసారాలో తండ్రి చెప్పుల చప్పుడు వినిపిస్తే చేతిలోని స్పానర్ దానంతటదే బస్తా చాటుకు వెళ్ళిపోతుంది. అలాంటి తండ్రి ముందురోజు కొట్టం గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పాడు.

"ఒరేయ్, ఏడాదిగా చూస్తున్నా. రేపు ఈ శనిని మంగళగిరి తోలుకుపో. పోవాలి, రావాలి. దారిలో ఎక్కడా ఆగకూడదు. ఆగిందనుకో, సోమవారం పాత ఇనుము వాడొస్తాడు. కబురు కూడా పెట్టా."

"ఆగదు నాన్నా," అన్నాడు కోటేష్.

వెళ్ళేటప్పుడు బండి దివ్యంగా వెళ్ళింది. యలమందయ్య ముందు సీట్లో కర్రలా కూర్చుని, ప్రతి మలుపులోనూ అది ఆగుతుందేమోనని ఆశగా చూశాడు. అది ఆగలేదు. మంగళగిరిలో పూజారి గారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్టు మీద పెద్ద స్వస్తిక్ వేసి, బంతిపూల దండ వేశారు. కోటేష్ భార్య అఖిలకి ఒక్క దండతో తృప్తి కలగలేదు. ముందు రెండు, వెనక ఒకటి, పైన అడ్డంగా ఒకటి వేయించింది. "దిష్టి తగలకుండా ఉండాలి కదండీ," అంది. బెంజి పూలలో మునిగిపోయింది. అది చూసి కోటేష్‌కి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ఆ పూట అతని కళ్ళు అంత తక్కువగా చెమర్చడం అదే ఆఖరు.

తిరుగు ప్రయాణంలో గుంటూరు దాటేసరికి ఎండ మండిపోయింది. అద్దాలు దించే మీటలు బిగించడం ఇంకా కాలేదు. డ్రైవరు పక్క అద్దం మాత్రం నాలుగు వేళ్ళ మేర దిగుతుంది. లోపల నలుగురూ ఉడికిపోతున్నారు.

"ఏరా, చల్లగాలి వస్తదన్నావుగా. ఏదీ?" అన్నాడు యలమందయ్య.

ఏసీ మీట కోటేష్ ఇంట్లో కూర్చుని స్వయంగా బిగించింది. దాన్ని ఎన్నడూ నొక్కి చూడలేదు. నొక్కాలంటే భయం. తండ్రి అడిగాక నొక్కకపోవడం ఇంకా భయం. ఇష్టదైవాన్ని తలుచుకుని నొక్కాడు.

గాలి వచ్చింది. చల్లగానే వచ్చింది. దాంతోపాటు గొట్టాల్లో ఏడాదిగా పేరుకున్న మిరపదుమ్మంతా వచ్చింది.

ముందు పిచ్చమ్మ తుమ్మింది. ఆమె కోటేష్ తల్లి, కారం కొట్టడంలో చేయి తిరిగిన మనిషి. ఆమే తుమ్మిందంటే తక్కిన వాళ్ళ గతి వేరే చెప్పాలా? అఖిల కొంగు నోట్లో కుక్కుకుంది. కోటేష్ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. గబగబా మీట మళ్ళీ నొక్కాడు. ఆన్ కావడం తెలిసిన ఆ మీటకి ఆఫ్ కావడం తెలియదు.

"ఆపరా, చచ్చిపోతాం!" అని అరిచింది పిచ్చమ్మ.

"ఆగకూడదమ్మా, ఆగితే ఇనుము వాడొస్తాడు! ఇంకెంత దూరం, ఓర్చుకో!"

యలమందయ్య కొడుకుని తిట్టడానికి గుండెల నిండా గాలి పీల్చాడు. అదే ఆయన చేసిన తప్పు. తిట్టు బయటికి రాలేదు, దాని బదులు తుమ్ము వచ్చింది. మామూలు తుమ్ము కాదు. సీటు వెనక్కి వాలకుండా కోటేష్ బిగించిన బోల్టు ఆ దెబ్బకి విరిగింది. సీటు పరుపులా పడిపోయింది, దాని మీద యలమందయ్య వెల్లకిలా పడ్డాడు. తల సరిగ్గా వెనక కూర్చున్న భార్య ఒళ్ళో ఆనింది.

పిచ్చమ్మ గబగబా తువ్వాలు తడిపి ఆయన ముఖం మీద కప్పింది. "కళ్ళు మూసుకో. నోరు తెరవబాక, తెరిస్తే కారం లోపలికి పోద్ది. ఇంటికెళ్ళిందాకా గమ్మున పడుకో," అంది. యలమందయ్య జీవితంలో మొదటిసారి భార్య మాట విన్నాడు.

ఇప్పుడు ఆ బండిని బయటి నుంచి చూడాలి. నిండా పూలదండలు. మూసిన అద్దాల వెనక ముగ్గురు మనుషులు వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. మధ్యలో ఒక పెద్దాయన చేతులు పొట్ట మీద పెట్టుకుని, ముఖాన తెల్ల తువ్వాలుతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

అలా చూసిన మొదటి మనిషి బుడాన్. మోపెడ్‌కి పాలక్యాన్లు తగిలించుకుని ఊళ్ళోకి వెళ్తున్నాడు. యలమందయ్య ఇంట్లో పాలు పోసేది అతనే. బండి పక్కకి వచ్చి లోపలికి తొంగిచూసి, నోరు తెరుచుకుని, అడ్డదిడ్డంగా నడుపుతూ బండి ముందుకి వచ్చేశాడు. బ్రేకు వేస్తే బండి ఆగుతుంది. ఆగితే ఇనుము వాడు. కోటేష్ అద్దం సందులోంచి చేయి బయటపెట్టి, పక్కకి పొమ్మని ఊపుతూ అరిచాడు.

"పో... పో...!" మిగతా మాట దగ్గులో కలిసిపోయింది.

"పోయాడా!" అన్నాడు బుడాన్, చేత్తో నుదురు కొట్టుకుని. "ఎప్పుడు, అన్నా?"

కోటేష్‌కి ఏమీ వినిపించలేదు. ఏడుస్తూ, చేయి ఇంకా గట్టిగా, పైకి ఊపాడు. బుడాన్ ఆకాశం వైపు చూసి, కళ్ళు తుడుచుకుని, మోపెడ్‌ని ఒక్క దూకు దూకించాడు. బెంజికంటే మోపెడ్ ముందే ఊరు చేరింది. ఈ విషయం గురించి కోటేష్ ఇప్పటికీ మాట్లాడడు.

ఊరి మొదట్లోనే పంచాయతీ మైకు వినిపించింది. ఇంజన్ చప్పుడులో మాటలు తెలియలేదు గానీ, "యలమందయ్య గారు" అన్నది మాత్రం స్పష్టంగా చెవిన పడింది. వీధి నిండా జనం. పత్తి చేల నుంచి, కల్లాల నుంచి ట్రాక్టర్లలో దిగుతున్నారు. ఆ మంటలో కూడా కోటేష్ ఛాతీ పొంగింది. "చూశావా అఖిలా, మన బండి ఆగకుండా వచ్చిందని మైకులో చెప్తున్నారు!" అన్నాడు తుమ్ముల మధ్య.

"నాకెందుకో భయంగా ఉందండీ," అంది అఖిల.

ఇంటి ముందు అప్పుడే వేపచెట్టు నీడన నులకమంచం వేసి ఉంది. ఎవరో ఇంటి అరుగు మీద నుంచి చీపుర్లు, బిందెలు తీసేస్తున్నారు. కోటేష్ సరిగ్గా గుమ్మం ముందు బండి ఆపాడు. గెలిచాడు. తలుపు తెరిచి దిగి, నోరారా గాలి పీల్చుకునేలోపు, ఆడవాళ్ళంతా పిచ్చమ్మ మీద పడి బావురుమన్నారు.

"ఎంత పనైపోయింది పిచ్చమ్మా!"

పిచ్చమ్మ తాము లేని పూట ఊళ్ళో ఏదో ఘోరం జరిగిందనుకుంది. "ఎవరు? ఎవరు పోయారే?" అని ఆమె కూడా ఎత్తుకుంది. అది విన్న ఆడవాళ్ళు, దుఃఖంతో మతి చలించిందని ఇంకా గట్టిగా ఏడ్చారు.

"మొగుడు పోతే తెలీడం లేదు మహాతల్లికి," అంది ఒకామె.

కోటేష్ ఆ మాట విన్నాడు. ముందు నవ్వొచ్చింది. బండి వైపు తిరిగాడు. తువ్వాలు కదలడం లేదు.

"నాన్నా," అన్నాడు.

వంగి లోపలికి చూశాడు.

"నాన్నా!"

ఎంత సేపటి నుంచి తండ్రి మాట్లాడలేదో అప్పుడు గుర్తొచ్చింది. దారంతా ఒక్క తిట్టు లేదు. యలమందయ్య అంతసేపు తిట్టకుండా ఉండటం ఈ జన్మలో జరగలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి, మూసిన అద్దాలు, కారం. అమ్మ ఆపమంది. తను ఆపలేదు. ఒక డొక్కు బండి కోసం నాన్నని చంపుకున్నాడు. మోకాళ్ళ మీద కూలబడి తండ్రి పాదాలు పట్టుకున్నాడు. ఈసారి కన్నీళ్ళకి మిరపదుమ్ముతో పని లేదు.

"లే నాన్నా! ఒక్క తిట్టు తిట్టు నాన్నా! ఈ బండి నాకొద్దు. నీకే ఇచ్చేస్తా. ఇనుము వాడికిచ్చుకో, తగలబెట్టుకో, నీ ఇష్టం. నేను మళ్ళీ దాన్ని ముట్టుకోను, ఊరందరి ముందూ ఒట్టు! కళ్ళు తెరువు నాన్నా!"

జనం గొల్లుమన్నారు. "నోరు చెడ్డదేగాని, మనసు వెన్న," అన్నారు ఎవరో. "నోరు మాత్రం బాగా చెడ్డది," అన్నారు ఇంకెవరో.

ఆ సమయంలో జనాన్ని తోసుకుంటూ, పొలం మట్టి కాళ్ళతో అంకమ్మరావు వచ్చిపడ్డాడు. పిచ్చమ్మకి సొంత తమ్ముడు. పక్కపక్క పొలాలు. గట్టు మీది తుమ్మచెట్టుని ఎవరు కొట్టించారన్న దగ్గర బావకీ అతనికీ తగాదా మొదలై, పంచాయతీ దాకా వెళ్ళి, మాటలు పూర్తిగా ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు బండి తలుపు పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"బావా! నన్నొదిలి పోయావా బావా! ఆ చెట్టు నేనే కొట్టించా బావా. పంచాయతీలో అమ్మ మీద ఒట్టేసి అబద్ధం చెప్పా. నువ్వు జ్వరంతో పడుకున్నప్పుడు గట్టు కూడా మూరెడు నీ వైపు జరిపా. ఒప్పుకుందామంటే నీ నోటికి జడిసి రాలేకపోయా. ఇంక ఎవరికి చెప్పుకోను బావా!"

తువ్వాలు కింద నుంచి ఒక గొంతు వచ్చింది.

"మూరెడేనా?"

ఏడుస్తున్న వాళ్ళంతా ఒక్కసారిగా బండి వైపు తలలు తిప్పారు.

"నేను కొలిచానురా. బారెడుంటది."

ఆ తర్వాత ఎవరు ఎటు పరిగెత్తారో చెప్పడం కష్టం. బుడాన్ పాలక్యాన్లు వదిలేసి గోడ దూకాడు. అంకమ్మరావు అక్కడే చతికిలబడి, "బారెడే బావా," అన్నాడు సన్నగా. యలమందయ్య తువ్వాలు తీసి, పండుమిరపకాయల్లాంటి కళ్ళతో లేచి కూర్చున్నాడు. అప్పటికిగాని పిచ్చమ్మకి పోయింది ఎవరో అర్థం కాలేదు. అర్థమయ్యాక మొగుణ్ణి పట్టుకుని ఆమె ఏడ్చిన ఏడుపు, అంతకుముందు ఏడ్చినవాటన్నిటికంటే పెద్దది.

"మరి నేను పిలిస్తే పలకవేం నాన్నా? నా ప్రాణం పోయింది!" అన్నాడు కోటేష్. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియదు.

"మీ అమ్మ నోరు తెరవొద్దంది. తరవాత తెరుద్దామనుకున్నా. ఈలోగా ఊళ్ళో వాళ్ళు నా గురించి మొదలెట్టారు. సరే, పూర్తిగా విందామని ఊరుకున్నా. నోరు బాగా చెడ్డదన్న వెధవెవడో కూడా తెలుసు," అన్నాడు యలమందయ్య. తర్వాత బండి దిగి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, పూలదండ సర్దాడు. ఏడాదిలో ఆయన దాన్ని ఆప్యాయంగా చూడటం అదే మొదలు. "ఇన్నేళ్ళు పంచాయతీ తేల్చలేని పని దీనిలో పడుకుంటే తేలింది. సోమవారం ఇనుము వాడొస్తే వెళ్ళిపొమ్మను."

కోటేష్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఎక్కడా ఆగలేదు చూశావా నాన్నా! మీట ఒక్కటి మార్చుకుంటే..."

"నువ్వు మార్చేదేంది? ఇందాక ఏమన్నావు? నాకొద్దు, నీకే ఇచ్చేస్తా, మళ్ళీ ముట్టుకోనని ఒట్టేశావుగా. తాళం ఇటివ్వు."

"నాన్నా, అది భయంలో అన్న మాట!"

"మీ మామ మాత్రం ధైర్యంగా చెప్పాడా?"

ఊరంతా సాక్ష్యం. కోటేష్ బండిలోంచి తాళం తీసి ఇచ్చాడు. యలమందయ్య దాన్ని బొడ్లో దోపుకున్నాడు. సాయంత్రానికి ఊళ్ళో లారీ నడిపే తోమా అనే అతన్ని పిలిపించి, బావమరిదిని వెనక కూర్చోబెట్టుకుని, పూలదండలతోనే గట్టు కొలవడానికి పొలానికి వెళ్ళాడు. కోటేష్‌ని నడపమంటే బాగుండేదేమో గానీ, అతను నడిపితే ఆయనకి భయమట.

బండి పాత ఇనుముకీ పోలేదు, కోటేష్ చేతికీ రాలేదు.