పదకొండో ఓటు

సోమవారం పొద్దున్న మిలూటిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, ఒక వైన్ సీసా, ఒక కాఫీ పొట్లం పట్టుకుని ప్రొఫెసర్ వుకోసవ ఇంటికి వెళ్ళి పండగ శుభాకాంక్షలు చెప్పాలి, రెండు ముక్కలు చేప తిని వచ్చేయాలి. ఆవిడ ఇంటి ఇలవేల్పు సెయింట్ నికోలా. ఆ పండక్కి ఎవరూ ఎవర్నీ పిలవరు. గుర్తున్నవాళ్ళు వస్తారు, వచ్చినవాళ్ళకి పెడతారు. ఓటింగు మర్నాడే కాబట్టి మిలూటిన్‌కి ఆ పండగ బాగా గుర్తుంది.

మొరావా నది ఒడ్డునున్న ఆ ఊరి విశ్వవిద్యాలయంలో అతను నేలల శాస్త్రం చెబుతాడు. ఉద్యోగం గడువు పద్ధతిది. అధ్యాపక మండలిలో ఇరవై ఒక్కమంది ఉంటారు. అందులో పదకొండుమంది రహస్య ఓటుతో సరేనంటే శాశ్వత ప్రొఫెసర్ అవుతాడు, రిటైరయ్యేదాకా ఎవరూ కదపలేరు. అనకపోతే నెలాఖరుకి ఉద్యోగమూ పోతుంది, దానితో వచ్చిన క్వార్టరూ పోతుంది. నది ఒండ్రు మీద అతను రాసిన వ్యాసాలు మంచివే. కానీ వాటిని మండలిలో ఒక్కరు చదివిన దాఖలా లేదు. చేతిలో ఉన్న పది ఓట్లూ వేరే విధంగా సంపాదించినవి. ఒకరి పరీక్ష పేపర్లు దిద్దాడు, ఒకరి పేరు తన వ్యాసంలో ముందు పెట్టాడు, డీన్‌గారి కుక్కని సెలవుల్లో ఇంట్లో పెట్టుకుని మేపాడు. పదకొండోది వుకోసవగారి ఓటు. ఆవిడ ఎటూ చెప్పదు.

"ఎక్కువ మాట్లాడకు. ఆవిడకి వాగేవాళ్ళంటే పడదు" అంది భార్య యాగోద, టై సర్దుతూ.

"నోరే విప్పను."

"మొన్న కూడా అలాగే అన్నావు."

వుకోసవగారి వీధి తలుపు గోడకి ఆనేలా బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో బూట్ల గుట్ట. లోపల నిండా జనం. పెద్ద బల్ల మీద వెలుగుతున్న కొవ్వొత్తి, పక్కన ఉడికించిన తియ్యగోధుమల పళ్ళెం, చేపల వేపుడు, చిక్కుడు గింజల పులుసు. ఉపవాసాల కాలంలో వచ్చే ఈ పండక్కి ఏ ఇంట్లోనైనా ఉండేవే ఇవన్నీ. మిలూటిన్ శిలువ గుర్తు వేసుకుని, చెంచాడు గోధుమలు నోట్లో వేసుకుని, ఎదురొచ్చిన పెద్దాయన్ని కౌగిలించుకున్నాడు. ఆయన వుకోసవగారి భర్త తిహోమిర్.

"పండగ శుభాకాంక్షలండీ! ఏటేటా ఇలాగే జరుపుకుంటూ ఉండాలి!"

తిహోమిర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాతకాలం మనిషి, భక్తి ఎక్కువ అనుకున్నాడు మిలూటిన్.

"ఎవరు బాబూ నువ్వు?" అన్నాడాయన.

"మేడమ్‌గారి శాఖేనండీ. మేడమ్ ఏరీ?"

"తల తిరుగుతోందని మేడ మీద పడుకుంది. కూర్చో నాయనా, తిను."

అక్కడే లేచి వచ్చేస్తే కథే ఉండేది కాదు. ఆవిడ చూడకుండా తిన్న చేపముక్కల వల్ల ఓటు రాదు కదా అని మిలూటిన్ ఉండిపోయాడు. బల్ల చుట్టూ అందరూ నల్లబట్టల్లో, తలలు దించుకుని, చప్పుడు లేకుండా నములుతున్నారు. పెద్దింటి పద్ధతి కాబోలనుకుని మొదట గౌరవించాడు. తర్వాత జాలేసింది. పండగపూట ఈ మనుషుల్ని కాస్త కదిలిస్తే, పైనున్న ఆవిడ చెవిన పడకపోదనే ఆశ కూడా కలిగింది.

పక్కనున్న ముసలాయన గ్లాసులోంచి కాస్త రాకియా సారా నేల మీద ఒలకబోశాడు. చేతులు వణుకుతున్నాయనుకుని మిలూటిన్ వంగి నేల తుడిచి, గ్లాసు మళ్ళీ నింపాడు. ముసలాయన అతని వంక చూసి, మళ్ళీ ఒలకబోశాడు. మిలూటిన్ మళ్ళీ తుడిచాడు.

"పోనివ్వండి తాతగారూ, వయసులో మామూలే" అని, లేచి నిలబడి, తన గ్లాసుని బల్ల చుట్టూ అందరి గ్లాసులకీ ఖంగుఖంగున తాకించుకుంటూ వచ్చాడు. "ఈ ఇంట్లో ఈ సంతోషం ఎన్నటికీ తరగకూడదు! వచ్చే ఏడు ఇంతకి రెట్టింపుమంది ఇక్కడ చేరాలి!"

ఒకావిడ గబగబా శిలువ గుర్తు వేసుకుంది. నోరు విప్పనని యాగోదకి చెప్పిన సంగతి అతను అప్పటికి పూర్తిగా మర్చిపోయాడు. నడవలోకి వెళ్ళి స్నేహితుడు రాత్కోకి ఫోన్ చేశాడు. రాత్కో అదే శాఖలో సహాయకుడు. పెళ్ళిళ్ళలో అకార్డియన్ వాయించి నాలుగు డబ్బులు వెనకేసుకునేవాడు.

"ఒరేయ్, పెట్టె తగిలించుకుని వచ్చేయ్. ఇక్కడ జనం చచ్చిపడి ఉన్నారు."

"ఎవరింట్లోరా?"

"వుకోసవగారింట్లో. నీ పాటతో ఆవిడ కిందికి దిగిందంటే నా ఓటు నాకు పడ్డట్టే."

రాత్కో వీధి మలుపు దగ్గరే మొదలెట్టాడు. కళ్ళు మూసుకుని, నడుం ఊపుతూ, పెళ్ళికొడుకుని తీసుకొచ్చేటప్పటి పాట వాయించుకుంటూ నేరుగా బల్ల దగ్గరికి వచ్చేశాడు. మిలూటిన్ చప్పట్లు కొడుతూ అందుకున్నాడు. మెట్ల మీద అలికిడైంది. తలకి నల్లగుడ్డ కట్టుకుని, గోడ పట్టుకుని, వుకోసవగారు దిగివచ్చింది. పాట మధ్యలో తెగింది.

"పండగ శుభా..." అన్నాడు మిలూటిన్.

"మా మరిదిని ఇప్పుడే పూడ్చిపెట్టి వచ్చాం" అందావిడ నెమ్మదిగా. "ముప్ఫై ఏళ్ళు నా చేతి కూడు తిన్నాడు. నీకేం అపకారం చేశాడయ్యా వాడు?"

పండక్కీ చావు భోజనానికీ పెట్టేవి ఇవేననీ, ముసలాయన ఒలకబోసింది పోయినవాడి వాటా అనీ మిలూటిన్ బుర్రకి అప్పుడు తట్టింది. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. ఇందాకటి ముసలాయన లేచి ఇద్దర్నీ జబ్బలు పట్టి బయటికి నెట్టి తలుపు మూశాడు. అప్పుడు కనబడింది, అంతసేపూ గోడ వైపు తిరిగి ఉన్న తలుపు మీద, నల్ల అంచు చావు ప్రకటన. మధ్యలో బట్టతల మనిషి బొమ్మ, కింద స్వెతోజార్ అని పేరు.

ఇద్దరూ కాసేపు దాని ముందు నిలబడ్డారు.

"నవ్వుతున్నాడు పాపం" అన్నాడు రాత్కో.

ఆ సాయంత్రానికి ఊళ్ళో తెలియని ఇల్లు లేదు. మిలూటిన్‌కి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఉద్యోగం కన్నా ముందు, తను కౌగిలించుకున్న పెద్దాయన కన్నీళ్ళే గుర్తొచ్చాయి. యాగోద ఒక్క మాట తిట్టలేదు. అటకమీంచి సూట్‌కేసులు దించింది.

మర్నాడు తిట్లు తినడానికి సిద్ధపడే కాలేజీకి వెళ్ళాడు. మెట్ల దగ్గర డీన్ ఎదురొచ్చి తనే అతని కోటు అందుకుని కొక్కేనికి తగిలించాడు. ఐదేళ్ళుగా అతని పొడ గిట్టని ప్రొఫెసర్ బుదిమిర్ లేచి నిలబడి కుర్చీ జరిపాడు.

"కూర్చోండి మిలూటిన్‌గారూ. మనలో మనకి ఎప్పుడైనా ఒక మాట తేడా వచ్చినా, మనసులో పెట్టుకోరు కదా?"

మిలూటిన్ కూర్చోలేదు. ఉరితీసేముందు ఇలాగే మర్యాద చేస్తారని విన్నాడు. రాత్కో అతన్ని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళాడు.

"నాక్కూడా చెప్పలేదేంట్రా? ఎవరు?"

"ఎవరేంటి?"

"బెల్‌గ్రేడ్‌లో నీ వెనకున్నది ఎవరని! మర్నాడు ఓటింగు పెట్టుకుని, ఓటు వెయ్యాల్సిన మనిషింట్లో చావు భోజనంలో అకార్డియన్ వాయించాడంటే, పైన పనైపోయి ఉండాలి, లేకపోతే అంత గుండె ఎక్కణ్ణించి వస్తుందంటున్నారు. కొందరు మంత్రి అంటున్నారు. బుదిమిర్ అయితే మంత్రి చాలడంటున్నాడు."

"ఒట్టు. నా వెనక పిల్లి కూడా లేదు."

రాత్కో గౌరవంగా ఒక అడుగు వెనక్కి వేశాడు. "పేరు కూడా చెప్పకూడని మనిషన్నమాట. సరే, నేనడగను."

ఆ మాట కూడా కాఫీ చల్లారేలోపు మండలి అంతా పాకింది. మధ్యాహ్నం ఓట్ల పెట్టె విప్పారు. ఇరవై ఒకటికి ఇరవై ఒకటీ అనుకూలం. ఆ పెట్టెకి అలాంటి రోజు ఎప్పుడూ రాలేదు. ఒండ్రు వ్యాసాలు, దిద్దిన పేపర్లు, డీన్‌గారి కుక్క, అన్నీ కలిసి ఐదేళ్ళలో పది ఓట్లు తెచ్చాయి. ఒక పరాయి చావులో చేసిన చండాలం మిగిలినవన్నీ ఒక్క పూటలో తెచ్చింది. మిలూటిన్ లేచి కృతజ్ఞతలు చెప్పాడు. చెబుతుంటే నోరు చేదుగా అనిపించింది.

అది అక్కడితో అయిపోలేదు. వచ్చే వారం విశ్వవిద్యాలయం పై మండలి ఆమోదముద్ర వేస్తేనే ఉద్యోగం ఖాయం. అయినా సరే, ఆవిడకి నిజం చెప్పి కాళ్ళ మీద పడందే నిద్ర పట్టదని, సాయంత్రం వుకోసవగారి గది తలుపు తట్టాడు. నల్లబట్టల్లో ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది.

"మేడమ్, నిన్న జరిగింది..."

"మీరేం చెప్పద్దు." నిన్నటి 'నువ్వు' ఏమైందో, ఇవాళ 'మీరు' అయింది. "మీరు మా ఇంటికి వచ్చారు, నేను లేచి ఎదురు రాలేకపోయాను. మా మామగారు చెయ్యి చేసుకుని బయటికి నెట్టారు. పెద్దాయన, తెలియక చేశారు. మనసులో పెట్టుకోకండి."

"అయ్యో మేడమ్, తప్పంతా..."

"మా అమ్మాయిది బెల్‌గ్రేడ్‌లో ఇలాంటి గడువు ఉద్యోగమే. వసంతంలో దాని ఓటింగు. అది చాలా కష్టపడి చదువుకుంది, కానీ వెనక ఎవరూ లేరు." ఆవిడ అతనికి కుర్చీ చూపించింది. "నిన్న మీరు పాడినందుకు నాకేం కోపం లేదు. మీ వాళ్ళతో ఒక్క మాట చెప్పించండి, చాలు."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే అటక మీంచి దింపిన సూట్‌కేసులూ, పై మండలీ వచ్చి నిలబడ్డాయి. మిలూటిన్ కళ్ళు దించుకున్నాడు.

"మాట్లాడతాను లెండి" అన్నాడు.

ఎవరితోనో అతనికి తెలియదు. ఆవిడ మాత్రం అతన్ని మెట్ల దాకా వచ్చి సాగనంపింది.