బీడు పొలంలో బఠాణీలు

ఆ ఉదయం రైతు చేయాల్సిన పని ఒక్కటే. ఏమీ చేయకుండా ఉండటం. సారం ఉడిగిన నేలకు విశ్రాంతినివ్వమని ప్రభుత్వం పొలాన్ని బీడు పెట్టించి, పంట వేయనందుకు ఏటా డబ్బిస్తోంది. తనిఖీ అధికారి వచ్చి బీడును చూసి వెళ్తే చాలు, బ్యాంకు వాయిదా తీరుతుంది. తీరకపోతే నెలాఖరుకు ఇల్లు వేలం.

పాలు పితికి వస్తున్న భార్య కంచె దగ్గర ఆగిపోయింది.

"ఏవండీ, ఇటు రండి. మన బీడు మొలిచింది."

కంచె వెంట మనిషి పొడవంత మేర లేత బఠాణీ మొక్కలు. మూడు వరుసలూ దారం పట్టి నాటినట్టున్నాయి. కలుపని బుకాయించడానికీ వీల్లేదు. కలుపుకు అంత క్రమశిక్షణ ఉండదు.

"నాన్నే," అన్నాడు రైతు. "నేల ఖాళీగా కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు."

"మంచం దిగడమే కష్టమన్నారుగా?"

"విత్తనాలు దొరికితే దిగుతాడు."

ఇద్దరూ కలిసి మొక్కలు పీకేశారు. నేల గుల్లయి, దున్నినట్టు కనిపించింది. దాన్ని కప్పడానికి రైతు నాలుగు తట్టల మట్టి తెచ్చి పోశాడు. ఇప్పుడక్కడ పొడవాటి దిబ్బ లేచింది. అంతలో జీపు ఆగింది.

అధికారి నేరుగా దిబ్బ దగ్గరికే నడిచాడు. "కొత్తగా తవ్వినట్టుందే. సాగు మొదలెట్టారా?"

రైతు ఖాళీ తట్టను వీపు వెనక దాచుకున్నాడు. భార్యకు నోరు ఆగలేదు.

"సమాధి సార్. మా మావయ్యగారిది."

అధికారి టోపీ తీసి, తల వంచుకుని కాసేపు నిలబడ్డాడు. మళ్లీ పెట్టుకుంటూ అన్నాడు. "పొలం ఆయన పేరు మీదే ఉంది కదమ్మా. యజమాని పోతే డబ్బు ఆపేయాలి. వారసత్వం తేలాకే మళ్లీ ఇచ్చేది."

"కనీసం నన్నడిగి చంపాల్సింది," అని రైతు భార్య చెవిలో గొణిగాడు.

అప్పుడే ఇంటి వెనక నుంచి ముసలాయన వచ్చాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో నీళ్ల డబ్బా.

"ఎవర్రా నా..." అంటూనే జీపునూ కొడుకు ముఖాన్నీ చూసి ఆగిపోయాడు.

"ఈయనెవరు?" అన్నాడు అధికారి.

"ఆ... సమాధాయనే సార్," అన్నాడు రైతు.

అధికారి ముఖం బిగుసుకుంది. "అంటే ఇది సాగే. డబ్బు రద్దు. ఇప్పటిదాకా తీసుకున్నదీ వెనక్కి కట్టాలి."

ముసలాయన చెవులు బాగానే పనిచేస్తున్నాయి. దిబ్బను ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. నీళ్ల డబ్బాను మెల్లగా కింద పెట్టాడు.

"సమాధే బాబూ. నాదే. చోటు ముందే చూసుకున్నా. నేను పోయాక వీళ్లు వెతుక్కోవడం ఎందుకని."

అధికారి ఆలోచించాడు. యజమాని బతికే ఉన్నాడు. సమాధి పంట కాదు.

"అయితే డబ్బు వస్తుంది. కానీ వచ్చే వారం మా పైఅధికారి చూస్తారు. సమాధన్నారు కాబట్టి సమాధిలాగే ఉండాలి. ఆరడుగుల లోతు."

జీపు వెళ్లిపోయింది. రైతు గునపం తెచ్చి తవ్వసాగాడు. నడుం లోతుకు దిగాక తల పైకెత్తాడు. "వాళ్లు చూసి వెళ్లగానే పూడ్చేస్తాను నాన్నా."

"రెండుసార్లు శ్రమ ఎందుకురా? ఉంచు." ముసలాయన అంచు మీద నుంచి వంగి చూశాడు. "అంచులు వంకర పోతున్నాయి. దారం కట్టి తవ్వు."

ఆ పొలంలో ప్రభుత్వం అనుమతించిన సాగు అదొక్కటే.